భూమిని కొలిచిన లాంబ్టన్

రామన్నపేట రైలు స్టేషనులో దిగినవానికి మొదట కనబడునది పసుపుపచ్చని పలకమీద నల్లని అక్షరములతో వ్రాసిన ఊరిపేరు. మన దేశమున స్టేషను పలకలపై ఊరిపేరుతోపాటు ఆ చోటు సముద్రమట్టమునకు ఎంత ఎత్తున నున్నదో చిన్న అక్షరములతో వ్రాయుట ఆచారము. రామన్నపేట పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఎటు చూచినను ఎఱ్ఱనేలలు, తాటిచెట్లు, రాతిగుట్టలు. దగ్గఱి సముద్రతీరమునకైనను రెండువందల కిలోమీటర్లకు పైగా పోవలయును. కంటికి కానరాని ఆ సముద్రమునుండి ఈ మెట్టనేల ఇంత ఎత్తున నున్నదని నిశ్చయించిన దెవరు? ఎట్లు నిశ్చయించిరి? ఆ కొలత తప్పు కాదని మనకు నమ్మకమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు పోయినచో, ఇన్నూఱు సంవత్సరములకు పూర్వము మన దక్షిణాపథమున కొండలెక్కుచు, అడవులు దాటుచు, ఇరువది సంవత్సరములకు పైగా భూమిని కొలిచిన యొక వృద్ధుని జీవితము మనకు గోచరించును. అతని పేరు విలియం లాంబ్టన్.

లాంబ్టన్ ఇంగ్లాండు దేశమున యార్క్‌షైరు ప్రాంతమునందు నార్తలర్టన్ అను పట్టణమునకు సమీపమున నొక సామాన్య కుటుంబమున జన్మించెను. అప్పటికి పదునెనిమిదవ శతాబ్దము సగము గడచి కొలది సంవత్సరములే అయినది. కలిమి లేని ఇంటిలో పుట్టినను గణితమునందు అతనికి అపారమైన ఆసక్తి యుండెను. 1781లో సైన్యమున చిన్న ఉద్యోగిగా చేరి, అమెరికాలో జరుగుచున్న స్వాతంత్ర్య యుద్ధమునకు పంపబడెను. అచ్చట యార్క్‌టౌనులో ఆంగ్లసేన లొంగిపోయినపుడు అతడును బందీ యయ్యెను. విడుదలయైన పిమ్మట కెనడాలోని న్యూ బ్రన్స్విక్ ప్రాంతమున సైనికుల బసలను చూచుకొను ఉద్యోగమున పదుమూడేండ్లకు దగ్గఱగా గడపెను. అది పేరుప్రతిష్ఠలు తెచ్చు పని కాదు. కాని తీరిక కావలసినంత యుండెను. ఆ తీరికను లాంబ్టన్ వ్యర్థము చేయలేదు. గణిత గ్రంథములు తెప్పించుకొని చదివెను. నక్షత్రములను పరిశీలించెను. ఒకమాఱు సూర్యగ్రహణమును తగిన రక్షణ లేక చూచుటచే ఒక కంటి చూపు పోయెను. పిమ్మట జీవితాంతము అతడు లోకమును కొలిచినది మిగిలిన ఒక్క కంటితోడనే.

1796లో లాంబ్టన్ తన పటాలముతో కూడ భారతదేశమునకు వచ్చెను. అప్పటికి అతని వయస్సు నలుబది దాటినది. తోడి అధికారులు పెద్ద పదవులలో నుండగా, అతడు ఇంకను క్రింది మెట్టుననే యుండెను. మితభాషి, విందులు, వేడుకలు ఎఱుగనివాడు. 1799లో టిప్పు సుల్తానుతో జరిగిన కడపటి మైసూరు యుద్ధమున ఒక రాత్రి బెయిర్డు అను సేనాని కొంత సైన్యమును నడపించుకొని పోవుచుండెను. చీకటిలో దారి తెలియలేదు. లాంబ్టన్ తలయెత్తి నక్షత్రములను చూచి, సేన తన శిబిరమువైపు గాక శత్రువువైపు నడచుచున్నదని గ్రహించి, ఆ సంగతి సేనానికి విన్నవించెను. సేనాని మొదట వినలేదు. తుదకు దీపము వెలిగించి దిక్సూచిని చూడగా, నక్షత్రములు చెప్పినదే నిజమని తేలెను. ఆనాడు దిక్కు తప్పిన యెడల ఎందఱి ప్రాణములు పోయెడివో! కొలతలో దొరలిన చిన్న పొరపాటు మనుష్యుల ప్రాణములకు ముప్పు తేగలదని లాంబ్టన్‌కు ఆ రాత్రి ప్రత్యక్షముగా తెలిసియుండును.

శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట ఆంగ్లేయుల చేతికి విశాలమైన భూభాగము చిక్కెను. కర్నల్ కాలిన్ మెకంజీ మైసూరు దేశమును సర్వే చేయుటకు నియుక్తుడయ్యెను. తెలుగువారైన కావలి సోదరుల తోడ్పాటుతో స్థలచరిత్రలను సేకరించిన మెకంజీ ఇతడే. లాంబ్టన్ ఆలోచన వేఱు. ఊళ్ళను, పొలములను పటములో వేయుటకు ముందు, ఆ పటమునకు కదలని ఆధారము కావలయునని అతడు తలంచెను. మద్రాసు తీరమునుండి మలబారు తీరమువఱకు త్రిభుజముల వరుసను పఱచి, ముఖ్యస్థలముల స్థానమును, ఎత్తును గణితముచే నిర్ణయింపవలయును. అంతేకాక, భూమి సరియైన గోళమా, లేక ధ్రువముల యొద్ద కొంత అణగియున్నదా, అట్లయిన ఎంత అణగియున్నది అను విషయమును గూడ ఈ కొలతలనుండియే తేల్పవలయును. ఇదియే అతని సంకల్పము. గవర్నర్ జనరలు వెల్లస్లీ, మద్రాసు గవర్నరు క్లైవు దీనికి సమ్మతించిరి. 1800లో పని ఆరంభమయ్యెను.

కాని ధనము లెక్కించు అధికారులకు ఈ పని రుచింపలేదు. శ్రీరంగపట్టణమునకు పోవలసినవాడు పల్లకీ బోయీలతో ఒక్కమాట చెప్పిన చాలుననియు, దానికొఱకు కొండలెక్కి కోణములు కొలుచుట యెందులకనియు కొందఱు ఎత్తిపొడిచిరి. లాంబ్టన్ ఎవరితోడను వాదులాడలేదు. తన పనిలో తాను నిమగ్నుడయ్యెను.

అతని పద్ధతిని కొంత తెలిసికొందము. ఒక సమతలమున రెండు బిందువుల నడుమ దూరమును మిక్కిలి జాగ్రత్తగా కొలిచెదమనుకొనుడు. దీనికి ఆధారరేఖ యని పేరు. ఆ రేఖ రెండు కొనలనుండి దూరపు కొండశిఖరమును చూచి కోణములను కొలిచినచో, ఆ శిఖరము ఎంత దూరమున నున్నదో నడచిపోకయే గణితముచే కనుగొనవచ్చును. ఆ త్రిభుజముయొక్క భుజము తరువాతి త్రిభుజమునకు ఆధారమగును. ఇట్లు ఒకదానినంటి యొకటిగా త్రిభుజములు వందల మైళ్ళు సాగిపోవును. అయితే మొదటి రేఖలో తప్పు దొరలినచో, అది త్రిభుజమునుండి త్రిభుజమునకు పాఱి, ఆ దేశపు పటమంతటిని చెఱచును.

అందుచే లాంబ్టన్ ఆధారరేఖను కొలుచుటయందు చూపిన శ్రద్ధ ఆశ్చర్యము గొలుపును. అతని కొలగొలుసు నూఱడుగుల ఉక్కుగొలుసు. లండనులో రాంస్డెన్ అను ప్రసిద్ధ శిల్పి నిర్మించిన ఆ గొలుసును మునుపు చీనా చక్రవర్తికి కానుకగా కొనిపోయిరి. చక్రవర్తి దానిని స్వీకరింపలేదు. అది చేతులు మాఱి కలకత్తాకు చేరగా, అచ్చట లాంబ్టన్‌కు లభించెను. 1802 ఏప్రిలులో మద్రాసు చెంతనున్న సెయింట్ థామస్ కొండ సమీపమున ఏడున్నర మైళ్ళ రేఖను ఈ గొలుసుతో కొలువ నారంభించిరి. గొలుసును నేలమీద ఈడ్వలేదు. చెక్కతొట్లలో పఱచి, వానిని ముక్కాలిపీటలపై నిలిపి, ఎండ తగులకుండ నీడ కల్పించి, ప్రక్కన ఉష్ణమాపకముల నుంచి కొలిచిరి. ఎందుకనగా ఎండకు ఉక్కు సాగును. ఒక్క ఫారన్‌హీటు డిగ్రీ వేడికి నూఱడుగుల గొలుసు అంగుళములో నూఱవ వంతుకంటె తక్కువగా మాత్రమే సాగును. అది కంటికి కనబడదు. కాని ఏడున్నర మైళ్ళలో దాదాపు నాలుగువందల గొలుసులు పట్టును. ఒక్క డిగ్రీని లెక్కింప మఱచినచో ఆ రేఖలో మూడంగుళముల తప్పు చేరును. మద్రాసు వేసవిలో ఉదయమునకు, మధ్యాహ్నమునకు వేడిలో ఎంత భేదముండునో మనకు తెలియనిది కాదు గదా!

కోణములను కొలుచుటకు థియొడొలైటు అను యంత్రము కావలయును. లాంబ్టన్ కొఱకు లండనులో విలియం కేరీ నిర్మించిన థియొడొలైటు అర టన్ను బరువు గలది. దాని వలయము మూడడుగుల వెడల్పు గలది. సముద్రముపై వచ్చుచుండగా దానిని మోయుచున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ దీవికి కొనిపోయిరి. అప్పుడు ఇంగ్లాండునకు, ఫ్రాన్సునకు బద్ధవైరము. అయినను అది శాస్త్రకార్యమునకు సంబంధించిన యంత్రమని తెలిసికొని ఫ్రెంచి అధికారులు దానిని మర్యాదతో మద్రాసుకు పంపివైచిరి. విద్యకు శత్రుమిత్ర భేదము లేదనుటకు ఇది యొక నిదర్శనము.

పొడవును కొలుచుటకంటె ఎత్తును కొలుచుట కష్టతరము. దూరపు శిఖరమును యంత్రముతో చూచి, అది కంటిమట్టమునకు ఎంత కోణమున పైకి లేచియున్నదో కొలువవచ్చును. దూరము ముందే తెలియును గనుక ఎత్తు తేలిపోవునని మనము అనుకొందుము. కాని అచ్చట రెండు చిక్కులు కలవు. మొదటిది భూమి వంపు. భూమి గుండ్రనిదగుటచే దూరముననున్న వస్తువు కొంత క్రిందికి దిగినట్లు కనబడును. పది మైళ్ళ దూరమున ఈ దిగుదల అఱువదియాఱు అడుగులు. ముప్పది మైళ్ళ దూరమున ఆఱువందల అడుగులు. రెండవ చిక్కు గాలి వలన కలుగునది. నీటిలో ముంచిన కఱ్ఱ వంగినట్లు తోచుట మనమెఱుగుదుము. అట్లే దూరమునుండి వచ్చు వెలుగు నేలకు దగ్గఱి దట్టమైన గాలిలో వంగి, వస్తువును ఉన్న యెత్తుకంటె పైకి లేపి చూపును. భూమి వంపును లెక్కకట్టవచ్చును. కాని గాలి చేయు ఈ మాయ ఉదయమున ఒకరీతి, ఎండలో ఒకరీతి, వానపిమ్మట మఱియొక రీతిగా నుండును. లాంబ్టన్ దీనిని ఓపికతో పరిశీలించెను. ఒక కొండనుండి రెండవ కొండను, మరల ఆ రెండవ కొండనుండి మొదటి కొండను చూచి, రెండు కోణములను పోల్చి, గాలి చేసిన మోసము ఎంతయో రాబట్టెను. అట్టి ఫలితములను పట్టికలుగా వ్రాసి ప్రకటించెను.

ఎత్తులకు మొదలు మద్రాసు కడనున్న సముద్రమట్టము. అచ్చటినుండి మెట్టమీదికెక్కి, మైసూరు పీఠభూమిని దాటి, పడమటి కనుమలు దిగి మరల సముద్రమును చేరెను. తూర్పు సముద్రమట్టమునుండి లెక్కించుచు వచ్చిన ఎత్తు పడమటి సముద్రమునొద్ద సున్న కావలయును గదా! అన్ని కొండలు దాటిన పిమ్మట అచ్చట తేలిన భేదము కొలది అడుగులు మాత్రమే. ఈ విధముగా తన లెక్కకు తానే పరీక్ష పెట్టుకొనుట లాంబ్టన్ స్వభావము. పొడవు విషయమునను అంతే. మద్రాసు రేఖనుండి త్రిభుజముల మీదుగా గణించి, బెంగుళూరు కడనున్న రేఖ పొడవు ఇంత యుండవలయునని నిర్ణయించెను. 1804లో అచ్చట గొలుసుతో నిజముగా కొలిపించెను. ఏడు మైళ్ళకు పైబడిన ఆ రేఖలో లెక్కకు, కొలతకు కలిగిన భేదము నాలుగంగుళములకు లోపే. ఆ త్రిభుజములు రెండు తీరములను కలిపినపుడు ఒక వింత బయటపడెను. మద్రాసు అక్షాంశమున దక్షిణాపథము వెడల్పు పూర్వపటములలో చూపినదానికంటె దాదాపు నలుబది మైళ్ళు తక్కువ! లేని నేలను పటములు ఉన్నదిగా చూపుచుండెనన్నమాట. పల్లకీ బోయీల మాట చెప్పినవారికి అంతకుమించిన సమాధానము అక్కఱలేకపోయెను.

ఇట్లు పని సాగుచుండగా 1808లో గొప్ప ఆపద వచ్చెను. తంజావూరు ప్రాంతము పచ్చని వరిపొలముల మైదానము. యంత్రము నిలుపుటకు కొండలు లేవు. అందుచే తంజావూరు పెద్దకోవెల గోపురముపైకి థియొడొలైటును ఎక్కింప నిశ్చయించిరి. మోకులు కట్టి, కప్పీలతో పైకి లాగుచుండిరి. గోడకు తగులకుండ ప్రక్కకు లాగిపట్టిన త్రాడు హఠాత్తుగా తెగెను. అర టన్ను బరువుగల యంత్రము ఊగిపోయి గోపురపు గోడకు కొట్టుకొనెను. పెట్టె తెఱచి చూడగా, కోణములను చూపు వలయము వంకరపోయి యుండెను. ఇంగ్లాండునుండి క్రొత్తది రావలయునన్న నెలలు, సంవత్సరములు పట్టును. అంతవఱకు పని ఆగిపోవలసినదే.

ఇట్టి సమయమున తప్పును క్రిందివారిపై నెట్టుట లోకమున సామాన్యము. లేదా, వలయమును పైపైన సరిదిద్ది, కొలతలు బాగుగనే యున్నవని వ్రాసి పంపినను ఆనాడు పట్టుకొనగలవారు అరుదు. లాంబ్టన్ ఈ రెంటిలో ఏదియు చేయలేదు. జరిగినదానికి బాధ్యతను తానే వహించెను. యంత్రమును తిరుచిరాపల్లికి చేర్చి, అచ్చటి ఆయుధశాల పనివారిలో కొందఱిని తోడు తీసికొని, ఒక గుడారమున ప్రవేశించెను. యంత్రమును విడదీసి, వలయముయొక్క అసలు రూపమును కొలిచి గీచి, చీలలు, మరలు, కప్పీలు ఉపయోగించి, నొక్కుపడిన చోట్లను వెండ్రుకవాసి చొప్పున లాగుచు ఆఱు వారములు శ్రమించెను. తుదకు వలయము దాదాపు తన పూర్వరూపమునకు వచ్చెను. ఆ యంత్రముతోడనే సర్వే దక్షిణమునకు కన్యాకుమారివఱకు సాగెను. 1809లో తిరునల్వేలి సీమలో మఱియొక ఆధారరేఖను కొలిచి, లెక్కలను సరిచూచుకొనెను.

ఆ పిమ్మట త్రిభుజములు ఉత్తరమునకు తిరిగెను. 1811లో మన రాయలసీమలోని గుత్తి సమీపమున, 1815లో బీదరు చెంతనున్న దామరగిద్ద యొద్ద ఆధారరేఖలు కొలువబడెను. ఇట్లు సర్వే నిజాము రాజ్యమున ప్రవేశించెను. హైదరాబాదు లాంబ్టన్‌కు నివాసస్థానమయ్యెను. 1818లో ఈ సర్వే గవర్నర్ జనరలు అధికారము క్రిందికి వచ్చి, మహా త్రికోణమితి సర్వే యను పేరు పొందెను. ఆ సంవత్సరాంతమున జార్జి ఎవరెస్టు అను యువకుడు సహాయకుడుగా హైదరాబాదు చేరెను. అప్పటికి లాంబ్టన్‌కు అఱువదియేండ్లు దాటినవి. శరీరము సన్నగిల్లి, నడక మెల్లనయ్యెను. కాని యంత్రమునొద్ద నిలిచినపుడు అతని వృద్ధాప్యము ఎటుపోవునో తెలియకుండెను.

కృష్ణా గోదావరీ నదుల నడిమి నేలను, అనగా నేటి తూర్పు తెలంగాణమును, సర్వే చేయు పనిని 1819లో ఎవరెస్టుకు అప్పగించెను. వర్షకాలమున గాలిలోని దుమ్ము అణగి దూరపు కొండలు స్పష్టముగా కనబడును. అందుచే కొలతకు అదియే మంచి కాలము. కాని జ్వరములకును అదియే కాలము. గోదావరి వైపు అడవులలో ఎవరెస్టునకు, అతనితో పోయిన భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు వాయ్‌సీకి, పరివారములో అధికభాగమునకు విషజ్వరము సోకెను. వార్త తెలిసిన వెంటనే లాంబ్టన్ హైదరాబాదునుండి ఏనుగులను, డోలీలను పంపి వారిని తెప్పించెను. అయినను పలువురు పనివారు దారిలోనే మరణించిరి. ఆ జెండాలు మోసినవారి పేర్లు, కొండలపై చెట్లు నఱికి చూపునకు దారి చేసినవారి పేర్లు, గొలుసు పట్టినవారి పేర్లు నేడు మనకు తెలియవు. పటములోని ప్రతి గీతలో వారి కష్టమును గలదు.

లాంబ్టన్ కీర్తి క్రమముగా ఐరోపాకు ప్రాకెను. లండనులోని రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా స్వీకరించెను. పారిస్‌లోని శాస్త్రపరిషత్తు గౌరవించెను. 1822 నాటికి లక్షా అఱువదియైదువేల చదరపు మైళ్ళకు పైబడిన నేల అతని త్రిభుజములచే కప్పబడెను. సర్వే కేంద్రమును నాగపురమునకు మార్చవలసివచ్చి, దగ్గుతో కృశించుచున్న ఆ వృద్ధుడు హైదరాబాదునుండి బయలుదేఱెను. గమ్యము చేరలేదు. 1823 జనవరిలో, దారిలోని హింగన్‌ఘాట్ అను ఊరిలో కన్నుమూసెను. అతని సమాధి నేటికిని అచ్చటనే కలదు.

అతడు ఆపిన చోటినుండి ఎవరెస్టు పనిని కొనసాగించి, త్రిభుజముల వరుసను హిమాలయ పాదములవఱకు చేర్చెను. ఆ త్రిభుజముల ఆధారముననే తరువాతివారు హిమాలయ శిఖరములను కొలిచిరి. వంగదేశీయుడైన రాధానాథ్ శిక్‌దార్ మున్నగువారి గణితమువలన పదునైదవ సంఖ్యగల శిఖరము లోకమున కెల్ల ఎత్తైనదని తేలెను. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించిరి. 2020లో నేపాలు, చైనా దేశములు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అనగా సుమారు 29,032 అడుగులు. నూఱు మైళ్ళ దూరమునుండి చూచి కొలిచినవారికి, నేటి పరికరములు గలవారికి నడుమ భేదము ముప్పది అడుగులే. ఆ శిఖరమునకు ఎవరెస్టు పేరు పెట్టిరి. లాంబ్టన్ పేరు ఏ శిఖరమునకును రాలేదు. స్టేషను పలకలమీది సముద్రమట్టమునకును ఆ సర్వే వారసులే స్థిరమైన ఆధారము కల్పించిరి. విశాఖపట్టణము మొదలగు తొమ్మిది రేవులలో పెక్కు సంవత్సరములు ఆటుపోటులను కొలిచి, 1909లో మన దేశమునకు సగటు సముద్రమట్టమును నిర్ణయించిరి.

నేడు కొండలెక్కకయే భూమి ఎత్తును కొలుచుచున్నారు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అను అమెరికా వ్యోమనౌక పదునొకండు దినములు భూమిచుట్టు తిరిగి రాడారుతో భూమిలో అధికభాగపు ఎత్తులను కొలిచెను. దానికి రెండు రాడారు గ్రాహకములుండెను. రెండవదానిని అఱువది మీటర్ల పొడవుగల కమ్మి చివర అమర్చిరి. ఆలోచించి చూడగా ఆ కమ్మి ఆకాశమున నిలిపిన ఆధారరేఖయే. 2005లో మన దేశము ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహము రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు దిక్కులనుండి చూచి ఎత్తును రాబట్టెను. హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రము ఆ చిత్రములనుండి దేశమంతటి ఎత్తుల పట్టికను తయారుచేసెను. ఉపగ్రహముల సందేశములను అందుకొను దాని కేంద్రము పూర్వపు మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరు వద్దనే కలదు. సాధనములు మాఱినవి గాని, మూలమున నున్నది లాంబ్టన్ త్రిభుజమే.

ఈ ఎత్తుల పట్టికలవలన కలుగు ప్రయోజనములలో విమాన శిక్షణ యొకటి. విమానము నడపువాడు మొదట నేలమీదనే సిమ్యులేటరు అను యంత్రమున కూర్చుండి అభ్యాసము చేయును. హైదరాబాదులోని ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణాలయమున ఇట్టి యంత్రములు చాలకాలము పైలట్లకు తర్ఫీదు నొసగినవి. యంత్రపు తెరపై కొండలు, చెఱువులు, విమానాశ్రయములు నిజమువలె కనబడును. ఆ కొండలను గీచునది కంప్యూటరు; దానికి ఆధారము ఎత్తుల పట్టిక. తొంబది మీటర్లకు ఒక్క ఎత్తు చొప్పున వ్రాసిన పట్టికను తీసికొనినచో ఏమగునో చూడుడు. రామన్నపేటకు వాయవ్యముననున్న భువనగిరి కొండ ఒకే బండ. దాని ప్రక్కలు గోడవలె నిటారుగా లేచును. రెండు బిందువుల నడుమ ఏమున్నదో పట్టికకు తెలియదు గనుక, కంప్యూటరు వాలుగా గీత గీచి కలుపును. నిటారైన బండ మెత్తని మట్టిదిబ్బవలె మాఱును. శిఖరము ఉన్నదానికంటె పొట్టిదగును. రాడారు కొన్నిచోట్ల నేలను గాక చెట్ల తలలను, మేడల కప్పులను కొలుచును. నిటారు కొండల నీడలో ఏమియు కొలువలేక ఖాళీలు వదలును. నాగార్జునసాగరమువంటి జలాశయమున నీటిమట్టము ఋతువునుబట్టి మాఱును గనుక, ఏనాడు కొలిచిరో ఆనాటి మట్టమే పట్టికకు ఎక్కును.

ఇంకొక చిక్కు గలదు. ఉపగ్రహముల సాయముతో స్థానము తెలుపు పరికరము ఎత్తును సముద్రమట్టమునుండి లెక్కింపదు. గణితము కల్పించిన నునుపైన భూరూపమునుండి లెక్కించును. హైదరాబాదు ప్రాంతమున ఈ రెండు లెక్కలకు డెబ్బది మీటర్లకు మించిన భేదము గలదు. ఏ లెక్కయో తెలియక రెంటిని కలిపినవాడు విమానమును నేలలోనికి దింపినట్లే. భూమి అసలు రూపమును కనుగొనవలయునన్న లాంబ్టన్ సంకల్పము ఎంత అవసరమైనదో దీనివలన తెలియును.

ఇది తెరమీది బొమ్మకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. శంషాబాదు విమానాశ్రయము సముద్రమట్టమునకు 2,024 అడుగుల ఎత్తున, అదే నగరములోని బేగంపేట విమానాశ్రయము 1,742 అడుగుల ఎత్తున ఉన్నవి. ఒక్క నగరముననే దాదాపు మున్నూఱు అడుగుల భేదము. తప్పు ఎత్తుతో అభ్యాసము చేసినవాని కన్ను తప్పునకే అలవడును. నిజమైన విమానములలో సైతము నేల సమీపించినపుడు హెచ్చరించు పరికరము ఇట్టి పట్టికనే నమ్మియుండును. పట్టికలో కొండ పొట్టిదిగా వ్రాసియున్నచో హెచ్చరిక ఆలస్యముగా వచ్చును. మబ్బులో దారి కానక దిగుచున్న పైలటు, అతని వెనుక కూర్చున్న ప్రయాణికులు, ఆ అంకెను వ్రాసినవాని నెన్నడును చూచియుండరు. అయినను వారి ప్రాణములు అతని చేతిలోనే యున్నవి.

తంజావూరులో వంకరపోయిన వలయమును లాంబ్టన్ ఆఱు వారములు సరిదిద్దినపుడు అతనిని పరీక్షించు అధికారి ఎవడును చెంత లేడు. ఆ కొలతలను నమ్మి ముందుముందు ఎవరు ఏ పని చేయుదురో అతడెఱుగడు. ఆకాశమున విమానములు తిరుగునని కలగనియు నుండడు. ఎఱుగనివారి కొఱకే అతడు అంత శ్రమపడెను. రామన్నపేట స్టేషనులో పలకమీది చిన్న అంకెను చూచునపుడు దాని వెనుకనున్న ఒంటికంటి వృద్ధుని, అతనితో కొండలెక్కి తిరిగిరాని పనివారిని మనము స్మరింపవలయును. మనకు అప్పగించిన లెక్క చిన్నదైనను, చూచువారు లేకున్నను, తప్పు కనబడినపుడు దాచక దిద్దుకొనుటయే వారికి మనము చేయదగిన గౌరవము.